జిగురాయన పోస్టరు

మామగారు నోరు తెరిస్తే మూయించగలిగినవి ఆ ఇంట్లో రెండే ఉండేవి. ఒకటి అత్తగారి చూపు, రెండోది నిద్ర. అత్తగారు పోయాక ఆ బాధ్యత మొత్తం నిద్ర ఒక్కదాని మీదే పడింది, పగటిపూట అది చెయ్యగలిగింది ఏమీ లేదు. పొద్దున్నే కాఫీ తాగడంతోటే ఆయన అల్లుడి ఫ్రేముల కొట్టుకి వచ్చేసి, గుమ్మం పక్కన బల్ల మీద సర్దుకుని కూర్చుని, వచ్చేవాళ్లకీ పోయేవాళ్లకీ తన ఘనకార్యాలు చెప్పడం మొదలుపెట్టేవారు. పెళ్లి ఫోటోకి ఫ్రేము కట్టిద్దామని వచ్చినవాళ్లు ఆయన కథకి ఊ కొట్టి కొట్టి, ఫోటో సంచిలోంచి తియ్యకుండానే బస్సు వేళయిందని వెళ్లిపోయిన రోజులున్నాయి.

ఊళ్లో ఆయన్ని అందరూ జిగురాయన అంటారు. సినిమా హాలుకి ఏళ్ల తరబడి పోస్టర్లు అంటించాను కాబట్టి ఆ పేరొచ్చింది అని ఆయన అంటారు. పట్టుకుంటే వదలడు కాబట్టి వచ్చిందని ఊరంటుంది. అల్లుడు మాత్రం ఎటూ తేల్చడు. పిల్లనిచ్చిన మామగారు, పైగా వయసులో పెద్దాయన. లోపల ఎన్ని అనుకున్నా పైకి "అవును మావయ్యా" అనడమే తప్ప పెళ్లయిన ఇన్నేళ్లలో ఎదురు మాట ఎరగడు.

నిజానికి ఆయన మొదట్నుంచీ ఇంతగా కోతలు కోసేవారు కాదట. గోడల మీద కాగితం పోయి ప్లాస్టిక్ బ్యానర్లు వచ్చాయి, ఆ తర్వాత హాలే మూతపడింది. చేతికి పని పోయిన దగ్గర్నుంచి నోటికి పని పెరిగింది. అల్లుడికి ఒక్కోసారి విసుగొచ్చి ఇంట్లో సణిగితే, అతని భార్య నవ్వేది కాదు. నాన్న గొప్పలు చెప్పుకుంటున్నాడంటే లోపల ఎక్కడో దిగులుగా ఉన్నట్టు, అమ్మ ఉన్నప్పుడు ఇన్ని చెప్పేవాడా అని అడిగేది.

ఇలా ఉండగా, మూతపడ్డ సినిమా హాలుని ఒకావిడ తీసుకుంది. పైకప్పు బాగు చేయించి, టికెట్లు ఇచ్చే గదినీ దాని ముందున్న పెద్ద వరండానీ పాత సినిమా పోస్టర్ల ప్రదర్శనకి సిద్ధం చేస్తోంది. అందరూ ఆవిడని మేడమ్ అనేవారు. అటకల మీద, కొట్ల వెనక గదుల్లో, తలుపుల వెనక ఎక్కడ పాత పోస్టరు దొరికినా తెప్పించింది. ఫ్రేముల పని అల్లుడికిచ్చింది. మొదటి రోజు అతను ఉత్సాహంగా, మడతలు ఇస్త్రీపెట్టెతో సాఫు చేస్తాను, చిరుగులు వెనకనుంచి అతికిస్తాను, రంగు పోయినచోట కాస్త రంగు అద్దిస్తాను, కొత్తవాటిలా మెరుస్తాయి అన్నాడు. తన తల్లి మొహం మీద ముడతలు ఇస్త్రీ చేస్తానని ఎవరో అన్నట్టు చూసిందావిడ.

"కాగితం ఏం అనుభవించిందో కాగితం మీదే కనబడాలి," అంది. "ఎండకి వెలిసింది వెలిసినట్టు, చిరిగింది చిరిగినట్టు. ఏదీ దాచొద్దు."

అతనికి మొదట అది పిచ్చిగానే తోచింది. చిరిగిన కాగితానికి టేకు ఫ్రేమూ అద్దమూ ఏమిటనుకున్నాడు. పది ఫ్రేములు కట్టాక ఆ పిచ్చి కొంచెం అతనికీ అంటింది. ఒక పోస్టరు అంచున మేక కొరికిన గుర్తు, ఇంకోదాని మీద ఎవరో పిల్లవాడు హీరోకి గీసిన కళ్లజోడు, మరోదాని మధ్యలో సైకిల్ హ్యాండిల్ గుచ్చుకున్న కన్నం. అవి లేకపోతే అన్నీ ఒక్కలాగే ఉండేవేమో అనిపించింది.

ప్రదర్శన తెరిచాక వచ్చినవాళ్లకి పోస్టర్ల గురించి చెప్పడానికి ఒక మనిషి కావాలని మేడమ్ అన్నప్పుడు, అతను ఆలోచించకుండా మామగారి మాట ఎత్తేశాడు. అన్నాక నాలుక కరుచుకున్నాడు గానీ అప్పటికే ఆవిడ సరేనంది. ఆదివారం పొద్దున ఫ్రేముల కొట్టు పక్కనున్న టీ కొట్టు దగ్గరికి వస్తాను, ఆయన అంటించిన పోస్టరు ఏదైనా ఉంటే దాని గురించి చెప్పించండి, ఒక్కటి వింటే చాలు అంది. అని, ఒక మాట చేర్చింది. తను కాగితానికి మరమ్మతు చేయించదట, కథకీ చేయించదట.

భార్య ఆ సంగతి విని సంతోషంతో కళ్లు తుడుచుకుంది. వెంటనే భయపడింది. తండ్రిని కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పు నాన్నా, ఒక్క ముక్క ఎక్కువొద్దని బతిమాలింది. ఆయన, నేనెప్పుడు ఎక్కువ చెప్పానమ్మా అన్నారు. ఆ జవాబుతో ఆవిడ భయం రెట్టింపై మొగుణ్ణి పక్కకి పిలిచింది. పక్కనే ఉండండి, ఎదురు చెప్పమనడం లేదు, మొదటి కోత దగ్గరే గట్టిగా దగ్గండి, నాన్నకి అర్థమవుతుంది అని మాట తీసుకుంది.

మామగారి దగ్గర ఒకే ఒక పోస్టరుంది. అటక మీద ఇనప్పెట్టె వెనక చుట్టలా పడుంటే దించి ఇచ్చారు. గడపలో నిలబడి చేతిలో లాంతరు ఎత్తి పట్టుకున్న కథానాయిక బొమ్మ. ఒక మూల చిరిగిపోయింది, అడ్డంగా ఒక గోధుమరంగు నీటి చార, బొమ్మ మీంచి నిలువునా జిగురు కారి ఎండిన పసుపు ధారలు. ఇచ్చేటప్పుడు ఆయన ఒక విచిత్రమైన కోరిక కోరారు. తక్కినవి ఎలా ఉన్నా ఫర్వాలేదు, ఆ జిగురు ధారలు మాత్రం తడిగుడ్డతో తుడిచెయ్ అల్లుడూ, ఎవరికి తెలుస్తుంది అన్నారు. మేడమ్ ఒప్పుకోరు మావయ్యా అన్నాడతను. మర్నాడు మళ్లీ అడిగారు, ఆ మర్నాడూ అడిగారు. పనిలో శుభ్రం పట్టింపు ఉన్న మనిషి, తన పని మీద మరకలు చూసుకోలేకపోతున్నారని అల్లుడు అనుకున్నాడు.

ఆదివారం వచ్చింది. అద్దమూ చట్రమూ బిగించిన పోస్టరుని అతను తెచ్చి టీ కొట్టు వరండాలో బెంచీ మీద గోడకి ఆనించాడు. వేలాడదీయడానికి వెనక కొక్కేలు కొట్టడం ఒక్కటే మిగిలింది, ఆ సామాను జేబులో వేసుకున్నాడు. రోజూ అక్కడే పేపరు చదివే రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన, స్టవ్ దగ్గర టీ కొట్టాయన, అంతే జనం. మేడమ్ చెప్పిన వేళకే వచ్చింది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. మామగారు ఉతికిన చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, చూడ్డానికి పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా ఉన్నారు.

"పెద్ద విశేషమేం లేదమ్మా," అని మొదలుపెట్టారు. "వానలో అంటించిన పోస్టరిది. ఆ రోజు వాన చూసి తక్కినవాళ్లు రాలేదు, నేనొక్కణ్ణే వెళ్లి అంటించి వచ్చాను. అంతే."

అల్లుడి గుండె తేలికపడింది. ఆ తర్వాత ఆయన జిగురు ఎలా కాచేవారో చెప్పారు. మైదాని చన్నీళ్లలో కలిపి, ఉండ కట్టకుండా మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వెయ్యాలి. గోడకి ఒక పూత, కాగితం వెనక ఒక పూత, అంటించాక పైన ఇంకో పూత. అన్నీ సూర్యుడు రాకముందే అయిపోవాలి, జనం లేచేసరికి గోడ మీద బొమ్మ నవ్వుతూ ఉండాలి. మేడమ్ తల ఊపుతూ వింది. ఇక్కడితో ఆపేస్తే బాగుండునని అల్లుడు మనసులో దండం పెట్టుకున్నాడు. ఆపేసేవారేమో కూడా.

కండక్టరు పేపరు మడిచి, "అంతేనా?" అన్నాడు.

ఆ ఒక్క మాట చాలింది. జిగురాయన ఆయన వంక చూసి, మేడమ్ వంక చూసి, కుర్చీ కాస్త ముందుకి లాక్కున్నారు.

"అంతే అంటే అంతే కాదులే. వానంటే మామూలు వాన కాదు, దానికి తోడు గాలి. నిచ్చెన ఎక్కి సగం అంటించానో లేదో, గాలి ఒక్క విసురు విసిరిందమ్మా, నిచ్చెన నా కాళ్ల కిందనుంచి ఎగిరిపోయింది. ఎక్కడికి పోయిందో ఈ రోజు వరకూ తెలీదు. మరి నేను పడ్డానా? పడలేదు. ఎందుకంటే నా జిగురు అలాంటిది. బ్రష్షు గోడకి అంటుకుపోయింది, నేను బ్రష్షుకి అంటుకుపోయాను. గాల్లో వేలాడుతూ రెండో చేత్తో తక్కిన సగం అంటించాను."

అల్లుడు దగ్గాడు.

"అప్పుడు గాలి నన్నొదిలి కాగితం మీద పడింది. ఆ మూల పట్టుకుని లాగుతోంది. నా చేతులు రెండూ ఖాళీ లేవు. ఏం చేశానో తెలుసా? పళ్లతో పట్టుకున్నాను. గాలి అటు, నేను ఇటు. చివరికి ఆ మూల ముక్క చిరిగి గాలి నోట్లోకి పోయింది గానీ బొమ్మ నా దగ్గరే ఉంది. చిరుగు చూడండమ్మా, పంటి గాటు కనబడుతుంది."

అల్లుడు ఇంకా గట్టిగా దగ్గాడు. టీ కొట్టాయన జాలిపడి ఒక గ్లాసు వేణ్ణీళ్లు తెచ్చిచ్చాడు. మామగారు, వేడిగా తాగు అల్లుడూ, గొంతు పట్టినట్టుంది అని అక్కరగా చెప్పి తన కథలోకి తను వెళ్లిపోయారు. మేడమ్ చిరుగు వంక చూసింది. ఆవిడ మొహంలో మొదట ఉన్న ఆసక్తి తగ్గుతున్నట్టు అల్లుడికి అనిపించి, చేతులు ఊరుకోలేక, కొక్కేల పనైనా చేద్దామని పోస్టరు దగ్గరికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నాడు.

వెనకాల కండక్టరు, అంత గాల్లో అంటిస్తే వంకర పోలేదా అని అడుగుతున్నాడు. అదీ అడగాల్సిన మాటే అన్నారు మామగారు, తన చేతి మీద జీవితంలో ఒక్క పోస్టరు తప్పుగా పడలేదట. అంత గాలివానలోనూ అది ఎంత తిన్నగా పడిందంటే, వీధి చివర ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రీలు తమ తూకం గుండు పక్కన పారేసి, ఈ పోస్టరు అంచు చూసుకుని గోడ లేపారట. ఆ ఇల్లు ఇప్పటికీ పగులు లేకుండా ఉందట. ఏ ఇల్లో మాత్రం చెప్పలేదు.

అల్లుడు అద్దం మీద చెయ్యి ఆనించి పైచట్రం కొలుస్తున్నాడు. ఇన్నాళ్లూ ఆ పోస్టరుని బల్ల మీద పడుకోబెట్టే పని చేశాడు, నిలబెట్టి ఇంత దగ్గరగా చూడటం ఇదే మొదలు. జిగురు ధారలు అతని కళ్ల ముందున్నాయి. కారి ఎండిన ధార కొసకి ఎప్పుడూ ఒక బొట్టు గడ్డకట్టి ఉంటుంది, కిందికి. ఇక్కడ బొట్లు కథానాయిక కాళ్ల దగ్గర లేవు. జుట్టు మీద ఉన్నాయి. ప్రతి ధారా కాళ్ల వైపు పుట్టి, చీర మీదుగా, మొహం మీదుగా, లాంతరు దాటి పైకి పోయింది.

జిగురు పైకి కారదు. అతను కొలబద్ద కింద పెట్టేశాడు.

అప్పుడు మామగారు రోజూ చెప్పే పనితనమే గుర్తొచ్చింది. కాగితం బొమ్మ వైపు బోర్లా వేసి వెనక పూత పూస్తారు. అలాగే ఎత్తి గోడకి కొడతారు. కొట్టేదాకా కంటికి కనబడేది తెల్లటి వీపే. వాన, చీకటి, చేతిలో ఒక కొస. ఏది తలో ఏది కాళ్లో ఎవరు చెప్పాలి. ఊరి గోడల మీద ఆయన అంటించిన వందల పోస్టర్లు ఎండకి వెలిసి, వానకి నాని, ఒక్కటీ మిగలకుండా పోయాయి. ఇదొక్కటే ఇంటికొచ్చింది. హాలు మేనేజరు కంట్లో పడకముందే పీకేసుకొస్తే తప్ప పోస్టరు అటకెక్కదు. పీకేటప్పుడే ఆ మూల చిరిగుంటుంది. ధారలు తుడిచెయ్ తుడిచెయ్ అని ఆయన ఎందుకు వెంటపడ్డారో అప్పుడు తెలిసింది. అల్లుడికి నవ్వు రాలేదు. పాపం అనిపించింది.

ఈలోగా కథ ఎక్కడికో వెళ్లిపోయింది.

"...ఆ తర్వాత ఏమైందో తెలుసా? వరదొచ్చింది. ఆ గోధుమరంగు చార ఉంది చూశారూ, నీళ్లు అంతవరకూ వచ్చాయి. నానీ నానీ గోడ కూలిపోయింది. గోడ కూలిందయ్యా, పోస్టరు నిలబడింది."

"దేని మీద నిలబడింది?" అన్నాడు టీ కొట్టాయన.

"నా జిగురు మీద. ఒట్టి జిగురు పొర, గోడంత మందాన గట్టిపడిపోయింది కదా. జనం పడవలు తెచ్చి దానికే కట్టుకున్నారు. సాయంకాలమైంది, చీకటి పడుతోంది, అటు పక్క రైలు కట్ట. వంతెన కొట్టుకుపోయిందని ఎవరికీ తెలీదు. బండి వస్తోంది. నేను అరుస్తున్నాను, వానలో ఎవరికి వినబడుతుంది? అప్పుడు డ్రైవరు కళ్లకి ఏం కనబడిందనుకున్నారు? లాంతరు. ఈ లాంతరే. ఆపమని ఎవరో ఆడమనిషి లాంతరు ఎత్తి చూపిస్తోందనుకుని బ్రేకు వేశాడు. వంతెనకి మూరెడు దూరంలో ఆగింది. బండెడు జనం దిగి ఈ బొమ్మకి నమస్కారం పెట్టారు."

"మీకు పెట్టలేదా?" అన్నాడు కండక్టరు.

"నేను వద్దన్నాను."

అల్లుడికి దగ్గడానికి కూడా ఓపిక లేదు. మేడమ్ చేతిసంచి జిప్పు మూసి, గడియారం చూసుకుంది. అది చూస్తే మామూలు మనిషి ఆగుతాడు. జిగురాయన దాన్ని, వినేవాళ్లకి ఇంకా తృప్తి కలగలేదన్నట్టుగా తీసుకున్నారు. ఆయన గొంతు ఇంకో మెట్టెక్కింది.

"అసలు వాన ఎలా ఆగిందో చెప్పలేదు కదూ. ఆకాశానికి చిల్లు పడిందని ఊరికే అంటుంటారు జనం. నేను కళ్లారా చూశాను, ఇదిగో ఈ టీ గ్లాసు పెట్టుకునే పళ్లెమంత చిల్లు. అందులోంచే కారుతోంది అంతా. రైలు పెట్టె మీదికెక్కాను, దాని మీంచి సిగ్నల్ స్తంభం ఎక్కాను, సంచిలో ఒక పోస్టరూ అడుగున కాస్త జిగురూ మిగిలాయి. చెయ్యి చాచి చిల్లు మీద ఒక్క దెబ్బ కొట్టాను. ఠక్కున ఆగిపోయింది."

"అదింకా అక్కడే ఉందా?"

"మబ్బు పట్టిన రోజు జాగ్రత్తగా చూడు, అంచు కనబడుతుంది."

కండక్టరు పొట్ట పట్టుకుని నవ్వాడు. టీ కొట్టాయన గరిటె పక్కన పెట్టి మరీ నవ్వాడు. జిగురాయన ఆ నవ్వుకి పొంగిపోతూ మేడమ్ వైపు తిరిగారు. ఆవిడ లేచి నిలబడి ఉంది. కాలక్షేపం బాగా అయిందండీ, వింటుంటే హాయిగా ఉంది అని మర్యాదగా చెప్పింది. అల్లుడి వైపు తిరిగి గొంతు తగ్గించి, తనకి కావలసింది ఇది కాదనీ, ప్రదర్శనకి ఇంకెవరినైనా చూసుకుంటాననీ, ఏమీ అనుకోవద్దనీ అంది.

గొంతు ఎంత తగ్గించినా ఆ వరండా చిన్నది. మామగారి నవ్వు మొహం మీదే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం పోయింది. ఆయన చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అలాగే కూర్చున్నారు. అల్లుడికి ఇంటి దగ్గర వీధి వైపు చూస్తూ ఉండే భార్య కళ్ల ముందు మెదిలింది. రేపు పొద్దున్న మళ్లీ కొట్టు గుమ్మం పక్కన అదే బల్ల, అదే మనిషి, ఇంకా పెద్ద కోతలు. అవి వినడం కష్టం కాదు, వినడం అలవాటే. ఆయన ఎందుకు కోస్తున్నారో తెలిసి వినడం కష్టం.

నిజం చెబితే ఆవిడ ఉంటుంది. అది అతనికి స్పష్టంగా తెలుసు, ఆవిడకి కావలసిన నిజం ఆ అద్దం వెనకే ఉంది. కానీ పదిమందిలో పిల్లనిచ్చిన మామని పట్టుకుని మీరు అబద్ధాలాడుతున్నారని ఏ అల్లుడనగలడు? అనకుండా ఉంటే ఆవిడ మెట్లు దిగిపోతోంది. అతను జేబులో చెయ్యి పెట్టాడు. కొక్కేలు తగిలాయి. తన పని గురించి తను అడగడంలో ఎవరికీ మర్యాద తక్కువ కాదు కదా అనుకున్నాడు.

"మావయ్యా," అన్నాడు కాస్త గట్టిగా. "కొక్కేలు ఏ వైపు కొట్టమంటారు?"

జిగురాయన ఎటో చూస్తూ, "ఇదేం ప్రశ్న, తల వైపు కొట్టు," అన్నారు.

"తల వైపు కొడితే జిగురు పైకి కారినట్టుంటుంది మావయ్యా. జిగురు కిందికి కారాలంటే కాళ్ల వైపు కొట్టాలి. ఉన్నది ఉన్నట్టు పెట్టాలని మేడమ్ మాట. గోడ మీద ఎలా ఉండేదో చూసింది మీరొక్కరే. ఎలా చెబితే అలా కొడతాను."

మెట్టు మీద కాలు పెట్టిన మేడమ్ ఆగింది. కండక్టరు ముందు అర్థం కాక, తర్వాత లేచొచ్చి, మెడ వంచి తల దాదాపు మోకాళ్ల దాకా దించి పోస్టరుని తలకిందులుగా చూశాడు. చూసి, అమ్మో అన్నాడు. టీ కొట్టాయన స్టవ్ మీద పాలు పొంగించుకున్నాడు.

ఇన్నేళ్లలో ఎవరూ చూడనిది అప్పుడు చూశారు. జిగురాయన నోరు తెరిచారు, మాట రాలేదు. మళ్లీ తెరిచారు. చెవుల దాకా ఎర్రబడి, కూర్చున్న కుర్చీలోనే కాస్త చిన్నవారైపోయినట్టు కనిపించారు. అల్లుడికి తను చేసింది పెద్ద పొరపాటని అనిపించింది.

మేడమ్ వెనక్కొచ్చి కళ్లజోడు పెట్టుకుని వంగింది. ఒక ధారని అద్దం మీద వేలితో, కాళ్ల దగ్గర మొదలుపెట్టి జుట్టు దాకా, మెల్లగా గీసింది. బొట్టు దగ్గర వేలు ఆగింది. నవ్వుతుందేమో అనుకున్నారు గానీ నవ్వలేదు. వచ్చి ఇందాకటి కుర్చీలోనే, మామగారి ఎదురుగా కూర్చుంది.

"కాగితం వెనక్కి తిప్పి కదా పూత పూస్తారు?" అని అడిగింది.

"అవునమ్మా."

"అంటించేదాకా బొమ్మ కనబడదు."

"కనబడదమ్మా. తడిమి చూసుకోవడమే." గాల్లో అంచు పట్టుకున్నట్టు చేత్తో చూపించి, "కింది అంచున ప్రెస్సు వాళ్ల పేరు కోసం ఒక వేలెడు ఖాళీ వదులుతారు. అక్కడ రంగుండదు, కాగితం గరుగ్గా తగులుతుంది. అది చేత్తో పట్టుకుంటే కాళ్లు ఎటో తెలిసిపోతుంది. ఈ పోస్టరుకి ఆ ఖాళీ వదల్లేదు," అన్నారు.

ఆయన గొంతు చాలా చిన్నగా వచ్చింది. అందులో గాలి లేదు, వరద లేదు, రైలు లేదు. మేడమ్ ఆ ఖాళీ గురించి ఇంకో ప్రశ్న అడిగింది, ఆయన దానికీ చెప్పారు. వానలో చేతులు తిమ్మిరెక్కితే ఆ అంచు ఎలా దొరకదో చెప్పారు. నిచ్చెన మీద ఉన్నంతసేపూ బొమ్మకి మరీ దగ్గరగా ఉంటాం కాబట్టి ఏదీ తెలియదనీ, దిగి రోడ్డుకి అవతలి పక్కకి వెళ్లి తిరిగి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుందనీ, తను ఆ రోజు వెలుతురు వచ్చేదాకా అవతలి పక్కకి వెళ్లలేదనీ చెప్పారు. మధ్యలో కండక్టరు ఏదో అనబోతే మేడమ్ చెయ్యి చూపించి ఆపింది. అల్లుడు ఈ మాటలు ఒక్కటీ అంతకుముందు వినలేదు. రోజంతా మాట్లాడే మనిషి దగ్గర చెప్పనివి ఇన్ని ఉంటాయని అతనికి తెలియదు.

"మంగళవారం తెరుస్తున్నాం," అంది మేడమ్ చివరికి. "మీరు పొద్దున్నే రండి. ఇప్పుడు నాకు చెప్పినట్టే వాళ్లకీ చెప్పండి."

"దీన్ని కూడా పెడతారామ్మా?"

"గుమ్మానికి ఎదురుగా. గోడ మీద ఎలా ఉండేదో అలాగే."

ఆవిడ టీ డబ్బులిచ్చి వెళ్లిపోయింది. కండక్టరు పేపరు అడ్డం పెట్టుకున్నాడు గానీ పేపరు వణుకుతోంది. టీ కొట్టాయన పొంగిన పాలు తుడుచుకుంటూ ఎటూ చూడకుండా ఉండటానికి పాపం చాలా కష్టపడ్డాడు. అల్లుడు పోస్టరు పక్కన అలాగే మోకాళ్ల మీద ఉన్నాడు, లేవాలో క్షమించమనాలో తెలియలేదు. మావయ్యా అని మొదలుపెట్టబోయాడు.

జిగురాయన లేచి వచ్చి అతని భుజం మీద చెయ్యి ఆనించారు. ఆయన చెయ్యి బరువుగా ఉంది. పోస్టరుని అటు నుంచీ ఇటు నుంచీ చూశారు. రోడ్డుకి అవతలి పక్కకి వెళ్లి నిలబడి, అక్కణ్ణుంచి కూడా చూశారు. ఒక స్కూటరు అడ్డం వస్తే అది పోయేదాకా ఆగి మళ్లీ చూశారు.

"కాళ్ల వైపే కొట్టు అల్లుడూ," అని అక్కణ్ణుంచే కేకేశారు. "కానీ తిన్నగా కొట్టు. వంకర పోయిందంటే ఊళ్లో నా పరువుండదు."